నీటిలో చూసి గీసిన ముఖం

శంఖగిరి కోటలో ఆ పూట కాకి కూడా అరవలేదంటే నమ్మండి!

నూట ఎనిమిది చందనపు స్తంభాల ఆస్థానమంటపం కిక్కిరిసిపోయి ఉంది. స్తంభస్తంభానికీ పగడాల తీగలు, తీగతీగకూ మరకతాల ఆకులు, ఆకుల సందుల్లో బంగారు చిలకలు. పైకప్పు నుంచి ముత్యాల జాలర్లు వేలాడుతున్నాయి. పడమటి గవాక్షాల్లోంచి చూస్తే, కోటను చుట్టుకున్న నీలసాగరమనే చెరువు ఎండకు తళతళలాడుతోంది. కోసెడు వెడల్పున్న ఆ చెరువే శంఖగిరికి పెట్టని కోట. కానీ ఆ వైభవమంతా చూసే తీరిక ఇవాళ ఎవరికుంది? అందరి కళ్లూ వేదిక మీద నిలబెట్టిన నిలువెత్తు పటం మీదే ఉన్నాయి.

పటంలో ఒక యువకుడు నవ్వుతున్నాడు. విశాలమైన నుదురు, కొనలు తిరిగిన మీసం, ఎడమ కనుబొమను రెండుగా చీల్చిన పాత కత్తిగాటు. అన్నీ ఉన్నాయి, కళ్లు తప్ప. కళ్లుండాల్సిన చోట రెండు తెల్లటి ఖాళీలు ఉన్నాయి.

అతడు వీరాంకుడు. నీలసాగరానికి కావలి దళపతి. పన్నెండు రోజుల కిందట కొలిమికనుమలో చనిపోయాడు. పటం ముందు పీట మీద అతని ఇనుప శిరస్త్రాణం ఉంది. దాని పక్కన జానెడు పొడవున్న కంచు తాళంచెవి ఉంది. అది ఆషామాషీ తాళంచెవి కాదు సుమా! చెరువు అవతలి గట్టున ఉన్న మహాతూముకు అదొక్కటే తాళం. తూము ఎత్తితే ఒక్క జాములో చెరువు ఖాళీ అవుతుంది. చెరువు ఖాళీ అయిందంటే, ఎర్రగుట్టల వెనక పొంచి ఉన్న శత్రుసేన నేరుగా కోటలోకి నడిచి వస్తుంది.

పటం పక్కన కుంచె పట్టుకుని నిలబడ్డవాడు రేచన. ఊరూపేరూ లేని ఇంట పుట్టి, రంగుచిప్పలతో ఆడుకుంటూ పెరిగిన చిత్రకారుడు. వీరాంకుడికి ప్రాణమిత్రుడు. పన్నెండు రోజులుగా సరైన తిండీ నిద్రా లేక మనిషి పీక్కుపోయాడు. అయినా కుంచె పట్టిన చెయ్యి మాత్రం వణకడం లేదు.

శంఖగిరి ఆచారం అది. పోయినవాడి రూపాన్ని వాడి స్నేహితుడే గీయాలి. పదమూడోనాడు మిట్టమధ్యాహ్నం భేరి మోగగానే కళ్లు పెట్టాలి. దాన్ని కనుతెరుపు అంటారు. అది జరిగేదాకా పోయినవాడికి పైలోకపు దారి కనపడదట. ఆ కళ్లు పెట్టడం కూడా తిన్నగా కాదు. చిత్రకారుడు పటానికి వీపు తిప్పి నిలబడాలి. ఒక చేత్తో అద్దం ఎత్తి పట్టుకుని, అందులో చూసుకుంటూ, రెండో చేత్తో కుంచెను భుజం మీదుగా వెనక్కి చాపి గీయాలి. పోయినవాడి తొలిచూపు బతికున్నవాడి మీద నేరుగా పడకూడదు కదా మరి! పటం పూర్తయ్యేదాకా, దాన్ని గీసే చేతిమీద సాక్షాత్తూ మహారాజుకైనా అధికారం లేదు. కానీ బతికున్న మనిషిని గీశాడా, ఆ చెయ్యి మణికట్టు దాకా తెగిపడాల్సిందే, అది అక్కడి కట్టడి. బతికుండగా బొమ్మ గీస్తే ఆ మనిషి ఆయుష్షు తరిగిపోతుందని వాళ్ల నమ్మకం.

వేదిక మెట్ల మీద వీరాంకుడి తల్లి కామసాని కూర్చుని ఉంది. కొడుకు పోయాడన్న కబురు విన్నప్పటి నుంచి ఆమె ఒక్క కన్నీటిబొట్టు రాల్చలేదు. శవాన్ని చూడని తల్లి మనసు ఎలా ఒప్పుకుంటుంది?

"ఒరే రేచనా," అంది ఆమె, నూరోసారి అడుగుతున్నట్టు. "నిజం చెప్పు నాయనా. నీ కళ్లతో చూశావు కదూ?"

"చూశానమ్మా. నా ఒళ్లోనే పోయాడు. నా చేతులతోనే నిప్పు పెట్టాను."

ఆ మాట అనేసరికి రేచనకు కొలిమికనుమ కళ్లముందు మెదిలింది. కనుమ దారుల పటం గీయడానికి అతడూ ఆ రోజు వీరాంకుడి వెంట వెళ్లాడు. బండల చాటు నుంచి బాణాలు కురిశాయి. వెంట వచ్చిన నలుగురూ కూలిపోయారు. రొమ్ములో దిగిన బాణంతో వీరాంకుడు అతని ఒళ్లో తల పెట్టుకుని, "ఒరేయ్, ఈసారైనా ముక్కు సరిగ్గా గీయరా" అన్నాడు. అదే చివరి మాట. పోయేముందు కూడా వేళాకోళమే! చితికి కట్టెలు ఏరుకుని వచ్చేసరికి మిత్రుడి మెడలో ఉండాల్సిన తోలుసంచి లేదు. ఆ దుఃఖంలో సంచి సంగతి ఎవరికి పట్టింది? వెనక శత్రువుల గుర్రాల డెక్కల చప్పుడు వినిపిస్తుంటే నిప్పు పెట్టి, శిరస్త్రాణం తీసుకుని పరుగెత్తుకొచ్చాడు.

ధణధణమని భేరి మోగింది.

రేచన పటానికి వీపు తిప్పాడు. ఎడమచేత్తో అద్దం ఎత్తాడు. కుడిచేతిలో కాటుకలో ముంచిన కుంచె. అద్దంలో మిత్రుడి ముఖం కనిపిస్తోంది. భుజం మీదుగా కుంచె వెనక్కి చాపాడు. ఇంకొక్క అంగుళం...

"ఆగరా! నేను చచ్చానని ఎవడు చెప్పాడు?"

సింహద్వారం దగ్గర గావుకేక వినిపించింది. సభంతా ఒక్కసారిగా అటు తిరిగింది. ఏం చెప్పమంటారు! గుమ్మంలో వీరాంకుడు నిలబడి ఉన్నాడు. అదే నుదురు, అదే మీసం, అదే నవ్వు. ఒంటినిండా దుమ్ము, చిరిగిన ఉత్తరీయం, తలకు ఎర్రటి పాగా.

"అమ్మా!" అని అతడు చేతులు చాచాడు.

కామసాని ఎలా లేచిందో, ఎలా పరుగెత్తిందో ఎవరూ చూడలేదు. కొడుకు రొమ్ముమీద వాలి బావురుమంది. పన్నెండు రోజుల ఏడుపంతా కట్ట తెంచుకుంది. సభలో జయజయధ్వానాలు మిన్నంటాయి. ముసలి సేనాపతులు కూడా కండువాలు కళ్లకు అద్దుకున్నారు.

రేచన గుండె ఒక్క క్షణం ఆనందంతో ఎగిరింది. మరుక్షణం ఒళ్లు చల్లబడిపోయింది. చితికి తన చేతులతోనే నిప్పు పెట్టాడు! తనకు మతి తప్పిందా? అద్దం ఇంకా ఎత్తే ఉంది. అతడు అద్దంలోకి చూశాడు. అద్దం అంచు మీదుగా గుమ్మంవైపు చూశాడు. మళ్లీ అద్దంలోకి చూశాడు.

అద్దంలో బొమ్మకూ, గుమ్మంలో మనిషికీ వెంట్రుకవాసి తేడా లేదు. గాటు ఇద్దరికీ ఒకే పక్కన ఉంది.

అలా ఉండకూడదు! అద్దం ఎడమను కుడి చేస్తుంది. గుమ్మంలో ఉన్నది వీరాంకుడే అయితే గాటు అవతలి పక్కన కనపడాలి. ఈ మనిషికి గాటు కుడి కనుబొమ మీద ఉంది. అతని మెడలో వేలాడుతున్నది ఏమిటి? వీరాంకుడి తోలుసంచి. దాని తాడు మధ్యలో తెగినచోట ముడివేసి ఉంది.

రేచనకు అంతా అర్థమైపోయింది. పై ప్రాణాలు పైనే పోయాయి.

నిరుడు వసంతంలో కలువలమడుగు దగ్గర ఇద్దరూ చద్దిమూట విప్పుకుని కూర్చున్నారు. "ఒరేయ్, నేను చచ్చాక నువ్వే కదా నన్ను గీసేది? ఎలా గీస్తావో ఇప్పుడే చూపించు. చచ్చాక చూసుకోలేను కదరా!" అన్నాడు వీరాంకుడు. "నా చెయ్యి పోతుందిరా" అన్నాడు రేచన. వీరాంకుడు పకపకా నవ్వి, మడుగు మీదకు వంగాడు. "మనిషిని చూసి గీయకూడదన్నారు. నీళ్లను చూసి గీయకూడదన్నారా? ఇదిగో, నీళ్లలో ఉన్నాను. గీయి" అన్నాడు. ఇద్దరు పెద్దవాళ్లు చేయాల్సిన పనేనా అది? కానీ చేశారు. రేచన నీళ్లలోని ముఖాన్ని చూసి, చిన్న గుడ్డముక్క మీద ఉన్నదున్నట్టు గీశాడు. నీళ్లు కూడా అద్దమే కదా! గాటు కుడిపక్కకు వచ్చింది. అది చూసి వీరాంకుడు పొట్టచెక్కలయ్యేలా నవ్వాడు. ఆ గుడ్డముక్కను తోలుసంచిలో పెట్టుకుని మెడలో వేసుకున్నాడు.

ఆ తప్పే ఇప్పుడు కాళ్లు తెచ్చుకుని నడిచి వచ్చింది.

"ఇదేనా నా పటం?" అంటూ వచ్చినవాడు వేదిక దగ్గరికి వచ్చి నడుంమీద చేతులు పెట్టుకున్నాడు. "చూడండయ్యా, గాటు కూడా తప్పు పక్కన గీశాడు! వీడా చిత్రకారుడు?"

సభ గొల్లున నవ్వింది. వచ్చినవాడు మాత్రం నవ్వు ఆపి, సింహాసనం వైపు తిరిగాడు.

"మహారాజా! నేను కొండగుహలో గాయపడి పడి ఉంటే వీడు నన్ను వదిలి పారిపోయి వచ్చాడు. పైగా బతికున్న నాకు పటం గీశాడు. నా ఆయుష్షు తీయాలని చూశాడు. కట్టడి ఏం చెబుతోందో తమకు తెలుసు."

హేమాంగద మహారాజు మనసు వెన్న, కానీ కోపం ముక్కుమీద ఉంటుంది. ఆయన దిగ్గున లేచాడు. "రేచనా! సభను మోసం చేస్తావా? పిలవండి తలారిని!"

తలారి గొడ్డలితో వచ్చి నిలబడ్డాడు. ఎవరో చెక్కమొద్దు దొర్లించుకొచ్చారు. కామసాని కొడుకును వదిలి గబగబా అడ్డం వచ్చింది.

"ప్రభూ, వద్దు! నా బిడ్డ తిరిగొచ్చిన పూట నెత్తురు చూడలేను. వాడూ నా చేతి ముద్ద తిని పెరిగినవాడే. భయంలో పొరబడి ఉంటాడు. వదిలేయండి."

మహారాజు గడ్డం నిమురుకున్నాడు. కోపం సగం దిగిపోయింది. "సరే. ఆ తల్లి ముఖం చూసి క్షమిస్తాను. 'నేను పొరబడ్డాను, వీరాంకుడు బతికే ఉన్నాడు' అని సభముందు ఒక్క మాట అను. వెళ్లిపో."

"క్షమించడమేమిటి మహారాజా?" వచ్చినవాడు గట్టిగా అన్నాడు. "కట్టడి కట్టడే. ఆ చెయ్యి నరకాల్సిందే!"

కామసాని చివుక్కున తలెత్తింది. "అదేమిటిరా? రేచన చెయ్యి నరకమని నువ్వా అంటున్నావు?"

"ప్రాణం మీదికి తెచ్చాడమ్మా వీడు."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. మహారాజు చెయ్యి ఊపి, "ఇక చాలు. నా మాటే ఖాయం. వీరాంకా, నీ తాళంచెవి నువ్వు తీసుకో" అన్నాడు. వచ్చినవాడి కళ్లు తళుక్కున మెరిశాయి. పీటవైపు ఒక్క అడుగు వేశాడు.

రేచన తన కుడిచెయ్యి చూసుకున్నాడు. ఒక్క మాట అంటే చెయ్యి దక్కుతుంది. ఆ చేతితోనే తిన్నాడు, ఆ చేతితోనే బతికాడు. ఆ చెయ్యి పోతే తను ఎవరు? ఊరికే 'వీడు వీరాంకుడు కాడు' అంటే ఎవరూ నమ్మరు. నమ్మించాలంటే మడుగు దగ్గర చేసిన నేరం ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే మహారాజు కూడా కాపాడలేడు. వచ్చినవాడు పీటకు ఇంకా రెండడుగుల దూరంలో ఉన్నాడు.

"ఇవ్వకండి!" రేచన అరిచాడు. "మహాప్రభూ, నేను నేరం చేశాను! ఇప్పుడు కాదు, నిరుడే చేశాను. వీరాంకుడు బతికుండగా వాడి బొమ్మ గీశాను!"

సభ నిర్ఘాంతపోయింది. రేచన ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయాడు. మడుగు, నీళ్లలో ముఖం, గుడ్డముక్క, తోలుసంచి, ఏదీ దాచలేదు.

"ఆ బొమ్మలో గాటు కుడిపక్క పడింది. నీళ్లలో చూసి గీశాను కాబట్టి! ఇప్పుడు నేను గీసిన పటంలో ఉన్నదే అసలు వైపు, ఎడమ. ఇదిగో, ఈ శిరస్త్రాణం చూడండి. ఆనాడు కత్తివేటుకు చీలింది ఇదే. దీన్ని బాగుచేయించుకోకుండా డాబుగా పెట్టుకుని తిరిగేవాడు. చీలిక ఏ పక్కనుంది? నా బొమ్మను చూసి ముఖం తగిలించుకున్నాడు మహాప్రభూ వీడు. నా తప్పుతో సహా తగిలించుకున్నాడు!"

మహారాజు శిరస్త్రాణాన్ని తిప్పి చూశాడు. చీలిక ఎడమపక్కనే ఉంది. "ఏమయ్యా, వీరాంకుడి గాటు ఏ పక్కనుండేది?" అని సభను అడిగాడు.

ఎడమ అని కొందరు, కుడి అని కొందరు. సేనాపతి ముందు ఎడమ అని, తరవాత కుడి అని, చివరికి తన ముఖమే తడుముకుంటూ ఊరుకున్నాడు. నవ్వకండి. మీ పక్కింటాయన పులిపిరి ఏ చెంపమీద ఉందో మీరు మాత్రం చప్పున చెప్పగలరా?

"ఆ శిరస్త్రాణం నాది కాదు!" వచ్చినవాడు ఈసడించాడు. "ఎక్కడో ఏరుకొచ్చాడు. అమ్మా, నువ్వు చెప్పు. కన్నతల్లివి. నేను నీ కొడుకును కానా?"

సభ మొత్తం కామసాని వైపు తిరిగింది. ఆమె అతని ముందుకు వచ్చి నిలబడింది. చాలాసేపు ఆ ముఖంలోకి చూసింది. ఆమె కళ్లు 'నా బిడ్డే, నా బిడ్డే' అంటున్నాయి. ఎవరికైనా తెలుస్తుంది, ఆమె ఎంత నమ్మాలనుకుంటోందో.

"నా కళ్లను నమ్మను," అంది చివరికి. "ఇవి పన్నెండు రోజులుగా వాడికోసమే చూస్తున్నాయి. ఎవరిని చూపించినా వాడే అంటాయి. ఆ గాయం తగిలినప్పుడు ఇరవై ఒక్క రోజులు ఎదురుగా కూర్చుని ఈ కుడిచేత్తోనే పసుపు అద్దాను. ఈ చేతికి తెలుసు."

ఆమె కళ్లు మూసుకుంది. కుడిచెయ్యి దానంతటదే లేచింది. ఎటు వెళ్లాలో తడుముకోలేదు. రోజూ వెళ్లిన చోటికే వెళ్లినట్టు, ఎదుటివాడి ఎడమ కనుబొమ మీద వాలింది.

వేళ్ల కింద గాటు లేదు. నున్నగా ఉంది.

ఆమె వేళ్లు ఒకసారి అటూ ఇటూ కదిలాయి. ఇంకోసారి వెతికాయి. చెయ్యి నెమ్మదిగా కిందికి జారిపోయింది. ఆమె కళ్లు తెరిచేసరికి ముఖం పదేళ్లు పెద్దదైపోయింది.

"వీడు నా కొడుకు కాడు," అంది కామసాని. "నా కొడుకు చచ్చిపోయాడు."

ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి.

వచ్చినవాడు ఫెళఫెళా నవ్వాడు. ఎర్రపాగా ఊడి కిందపడింది. అందులోంచి రాగితీగల్లాంటి జడలు బుసబుసా నడుందాకా జారాయి. ముఖం మాత్రం వీరాంకుడిదే! ఆ చల్లటి ముఖంలోంచి ఆ పాడునవ్వు వింటుంటే సభలో ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు.

"తామ్రజటుడు!" అని మహారాజు కత్తి దూశాడు. ఎర్రగుట్టల మాంత్రికుడి పేరు వినని పసివాడు ఆ రాజ్యంలో లేడు. "పట్టుకోండి వాణ్ణి!"

మాంత్రికుడు పిడికెడు బూడిద గాలిలోకి విసిరాడు. పరుగెత్తుకొస్తున్న భటులు ఎక్కడివాళ్లక్కడే, ఎత్తిన కాలు ఎత్తినట్టే బిగుసుకుపోయారు. వాడు పీట మీద తాళంచెవి అందుకుని ఒక్క గంతులో పడమటి గవాక్షం ఎక్కాడు.

"ముసలిదాని చేతికి తెలిస్తే ఏం? తూము కాపలావాళ్లకు తెలుస్తుందా? వాళ్ల దళపతి ముఖం వచ్చి ఎత్తమంటే ఎత్తుతారు!" మెడలో తోలుసంచిని చరుచుకున్నాడు. "ఈ బొమ్మ ఉన్నంతకాలం ఈ ముఖం నాదే. నిప్పు దీన్ని కాల్చదు, కత్తి కోయదు. గీసిన చెయ్యే దీన్ని చెరపాలి. ఆ చెయ్యి ఇవాళ మీరే నరుకుతారుగా! మహారాజా, కట్టడి మరిచిపోకు!"

అలా అని చెరువులోకి దూకాడు. గవాక్షం దగ్గరికి పరుగెత్తినవాళ్లకు నీళ్లలోంచి పైకి లేచిన నల్లటి వీపు కనిపించింది. దోనె అంత మొసలి! దాని వీపుమీద వీరాంకుడి ముఖంతో మాంత్రికుడు నిలబడి, తూమువైపు నీళ్లు చీల్చుకుంటూ పోతున్నాడు.

మహారాజు ముఖం వాడిపోయింది. చేతిలో కత్తి కిందికి వాలింది. ఆయన రేచన వైపు చూశాడు, తలారి వైపు చూశాడు, మళ్లీ రేచన వైపు చూశాడు.

"నా నోరు కట్టేశావు కదరా! నిండు సభలో ఒప్పుకున్నావు. ఇప్పుడు నిన్ను వదిలేస్తే రేపు ఈ కట్టడిని ఎవడు లెక్కచేస్తాడు? నరికితే ఆ ముఖాన్ని చెరిపేవాడెవడు?"

"నరకండి మహాప్రభూ," అన్నాడు రేచన. "తప్పు చేసింది నేనే. ఆ గుడ్డముక్క గీయకపోతే వాడు బతికుండేవాడేమో కూడా. కానీ ముందు కళ్లు పెట్టనివ్వండి. వాడు చీకట్లో తచ్చాడకూడదు."

"కుంచె తీసుకో," అంది కామసాని.

అందరూ ఉలిక్కిపడ్డారు. ఆమె ఇందాకటి గందరగోళంలో కిందపడిన అద్దం తీసి, కొంగుతో తుడిచి, రేచన ఎదుట స్వయంగా ఎత్తి పట్టుకుంది. "నేను పట్టుకుంటాను. నువ్వు గీయి. ముందు ఎడమ కన్ను. గాటు కింది కన్ను."

రేచన పటానికి వీపు తిప్పాడు. బయట మొసలి నీళ్లు చరుస్తున్న చప్పుడు దూరమవుతోంది. క్షణాలు జారిపోతున్నాయి. అతడు కుంచెను భుజం మీదుగా చాపాడు. రెప్పగీత ఒక్క లాగుతో వచ్చింది. నల్లగుడ్డు. అందులో బియ్యపుగింజంత వెలుగు. కుంచె తీసేసరికి అద్దంలోంచి మిత్రుడు ఒంటికన్నుతో అతణ్ణి చూస్తున్నాడు. ఆ కన్నులో వేళాకోళం కూడా ఉంది. రేచన వెక్కి వెక్కి ఏడ్చాడు. కొంగు అడ్డం లేకుండా ఆమె కూడా ఏడ్చింది.

అతడు కళ్లు తుడుచుకుని కుంచెను మళ్లీ కాటుకలో ముంచాడు. కామసాని అద్దాన్ని బోర్లించింది.

"చాలు."

"అదేమిటమ్మా? ఇంకో కన్ను ఉంది."

ఆమె మహారాజు వైపు తిరిగింది. "ప్రభూ, పటం పూర్తయిందా?"

"లేదు."

"పూర్తికాని పటం గీస్తున్న చేతిమీద ఎవరికైనా అధికారం ఉందా?"

మహారాజు ఒక్క క్షణం గుడ్లప్పగించి చూశాడు. తరవాత ఆయన ముఖం విప్పారింది. "లేదు! నాకూ లేదు! తలారీ, గొడ్డలి దించు!"

కామసాని పీట మీది శిరస్త్రాణాన్ని రెండు చేతులతో ఎత్తి రేచన తలమీద పెట్టింది. పట్టీ తనే బిగించింది.

"నా బిడ్డకు ఇప్పుడు దారి సగమే కనిపిస్తుంది. మిగతా సగం కనపడాలంటే నువ్వు తిరిగి రావాలి. వెళ్లు. వాడి ముఖాన్ని ఆ దొంగ దగ్గర ఉండనివ్వకు. చెరిపేసి రా. వచ్చి రెండో కన్ను పెట్టు."

"పెట్టాక చెయ్యి పోతుందమ్మా," అన్నాడు రేచన మెల్లగా.

"తెలుసు. అందుకే బతికి రమ్మంటున్నాను, తొందరపడి రమ్మనడం లేదు. అప్పటిదాకా ఆ చెయ్యి నాది. జాగ్రత్తగా చూసుకో."

అతడు ఆమె పాదాలు తాకి, వెనక్కి చూడకుండా పరుగెత్తాడు. మూడు వందల మెట్లు ఎలా దిగాడో తెలియదు. రేవులో కట్టి ఉన్న దోనె తాడు కోసి, తెడ్డు అందుకుని, ఒంట్లో బలమంతా పెట్టి తోశాడు. ఎండ నెత్తిమీద కాలుస్తోంది. గాలి లేదు. చెరువు పరచిన పట్టుబట్టలా ఉంది. దూరంగా తూము బురుజు వేలెడంత కనిపిస్తోంది. మొసలి ఎక్కడా కనపడలేదు. అప్పటికే గట్టు చేరిందా?

సగం దూరం వచ్చాక చేతులు పడిపోయాయి. ఒక్క క్షణం ఊపిరి తీసుకోవడానికి వంగాడు. నీళ్లలో ఒక ముఖం పైకి చూస్తోంది. చీలిన శిరస్త్రాణం కింద, నీడలో, అచ్చం వీరాంకుడిలాగే ఉంది. చీలిక కుడిపక్కన కనిపిస్తోంది, నీళ్లు తిప్పి చూపిస్తాయి కాబట్టి.

"ముక్కు సరిగ్గానే గీశానురా," అన్నాడు రేచన దానితో.

నీళ్లలో ముఖం చెదిరింది.

అతడు తెడ్డు కదపలేదు. గాలి వీచలేదు. అయినా నీళ్లు కదులుతున్నాయి. దోనె కూడా కదులుతోంది, ఎవరో ముక్కుతాడు పట్టి లాగుతున్నట్టు, తూమువైపు. ముందు మెల్లగా, తరవాత వడిగా. దూరాన బురుజు మీద కావలి కొమ్ము మోగింది. అది ప్రమాదపు కొమ్ము కాదు. దళపతి వచ్చినందుకు స్వాగతపు కొమ్ము.

తూము లేస్తోంది!

దోనె వడి చాలదనుకుని రేచన తెడ్డు పారేశాడు. కుడిచేతిని ఉత్తరీయంతో గట్టిగా చుట్టుకుని, ప్రవాహంలోకి దూకాడు.